ఎండ పొడిచాక ఆటకు రండి

నవంబర్ నడుస్తుండగా మా ఓపీలో ఒక మాట మొదలవుతుంది. "చలి కదండీ, వాకింగ్ మానేశాను. శివరాత్రి వెళ్లాక మళ్లీ మొదలుపెడతా డాక్టర్ గారూ." శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. నిజమే, వెళ్లిపోతుంది. వెంటనే ఎండలు వస్తాయి. ఏప్రిల్‌లో అదే మనిషి "ఎండలు కదండీ" అంటారు. జులైలో "వానలు, రోడ్డంతా బురద". ఇలా ఏడాది తిరిగేసరికి చీటీలో ఒక బీపీ మాత్ర రెండవుతుంది. షుగర్ మందు పక్కన ఇంకోటి చేరుతుంది.

నా లెక్కలో తెలుగువాళ్లకు ఆరుబయట ఒళ్లు కదిలించడానికి దొరికే మంచి రోజులు మూడున్నర నెలలే. నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా. హైదరాబాద్‌లో డిసెంబర్ మధ్యాహ్నం ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో అదే వేళకు 40కి అటూ ఇటూగా ఉంటుంది. విజయవాడ, రాజమండ్రిలో మే ఉక్కపోత సంగతి అక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆదిలాబాద్, అరకు వైపు చలి గట్టిదే. కానీ అక్కడ కూడా తొమ్మిది దాటితే ఎండ హాయిగా కాస్తుంది. మోకాళ్ల లోతు మంచు పడే దేశాల్లో పిల్లలకు బూట్లు, కోట్లు తొడిగి బయటికి పంపుతారు. మనం 16 డిగ్రీలకే కిటికీలు బిగించి, మఫ్లర్ చుట్టుకుని, టీవీ ముందు కూర్చుంటాం. ఏడాది మొత్తంలో బయట ఆడుకోగలిగిన ఒక్క కాలాన్నీ గదిలో గడిపేస్తున్నాం.

"చలిగాలి తగిలితే జలుబు చేస్తుంది కదా" అనేది ఇంట్లో పెద్దవాళ్ల మొదటి అభ్యంతరం. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. కిటికీలు మూసిన గదిలో పదిమంది కూర్చుంటే, వారిలో ఒకరు దగ్గితే, మిగతావాళ్లకు అంటుకోవడం సులువు. ఆ లెక్కన ఆదివారం పూట మైదానంలో పరుగెత్తే పిల్లాడి కంటే, తలుపులేసుకుని కజిన్స్‌తో వీడియో గేమ్ ఆడే పిల్లాడికే జలుబు అంటుకునే అవకాశం ఎక్కువ.

చీకట్లో నడక ఎందుకు?

చలికని నడక మానేసేవాళ్లు ఒక రకం. మానకుండా తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరేవాళ్లు ఇంకో రకం. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండో రకం మీదే ఎక్కువ దిగులు. వాళ్ల పట్టుదలను తప్పుపట్టలేం. ఎంచుకున్న వేళతోనే ఇబ్బంది.

చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లో వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. నాళాలు ముడుచుకుంటే బీపీ పెరుగుతుంది, గుండెకు పని పెరుగుతుంది. వేసవిలో సరిపోయిన బీపీ మందు కొందరికి డిసెంబర్‌లో సరిపోకపోవడానికి ఇదో కారణం. దీనికి తోడు, ఏ కాలంలోనైనా గుండెపోట్లు ఎక్కువగా కనిపించేది ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు లోపు. నిద్ర లేచే వేళకు కొన్ని హార్మోన్లు పెరుగుతాయి, బీపీ ఎక్కుతుంది, రక్తానికి గడ్డకట్టే గుణం కూడా ఎక్కువగా ఉంటుంది. దుప్పట్లోంచి లేచీ లేవగానే, ఖాళీ కడుపుతో, మందు వేసుకోకుండా, చలిలో విసవిసా నడవడమంటే గుండె మీద ఈ బరువులన్నీ ఒకేసారి పెట్టడమే. ఇరవై ఐదేళ్ల కుర్రాడు తట్టుకుంటాడు. స్టెంట్ పడిన అరవై ఏళ్ల పెద్దమనిషికి ఆ తొందర దేనికి?

రెండోది గాలి. చలికాలం రాత్రుళ్లు నేలను ఆనుకుని ఉన్న గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది. దాని మీద కాస్త వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, రోడ్డు దుమ్ము ఆ మూత కిందే చిక్కుకుంటాయి. ఎండ వచ్చి నేల వేడెక్కితే తప్ప అవి చెదరవు. తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదని మనకొక నమ్మకం. పొలాల మధ్య ఉన్న ఊళ్లో అది నిజమే కావచ్చు. హైదరాబాద్‌లో, విశాఖలో జనవరి నెలలో అలా అనుకోలేం. పొగమంచు అనే మాటలో ముందున్నది పొగే కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో చాలా నగరాల గాలి నాణ్యత సూచీ కనిపిస్తుంది. అది 200 దాటిన రోజు ఆస్తమా, సీఓపీడీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయట నడక మానుకుని ఇంట్లోనే మెల్లగా వ్యాయామం చేసుకోవచ్చు.

మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. చీకట్లో, మంచులో, నల్ల స్వెటర్ వేసుకుని బైపాస్ రోడ్డు అంచున నడిచే మనిషి లారీ డ్రైవరుకు కనిపించడు. మా క్యాజువాలిటీకి చలికాలం తెల్లవారుజామున వచ్చే కేసుల్లో గుండెపోట్లతోపాటు ఇవీ ఉంటాయి.

అందుకే నేను చెప్పేది సులువైన మాట. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు. ఆ తర్వాత ఇంకో గంట ఆగండి. ఏడున్నర, ఎనిమిదికి బయల్దేరండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు లేచాక గంటైనా గడవనిచ్చి, డాక్టరు ఉదయానికి రాసిన మందు వేసుకుని, కాస్త ఏదైనా తిని, ఎండ పడే దారిలో నడవండి. లేదా సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు లోపు ఎంచుకోండి. ముందు పది నిమిషాలు నెమ్మదిగా, ఆ తర్వాతే వేగం. ఒక్క దళసరి స్వెటర్ కంటే రెండు పల్చటి పొరలు మేలు. ఒళ్లు వేడెక్కాక ఒకటి తీసి నడుముకు కట్టుకోవచ్చు. మంకీ క్యాప్ మీద నాకు ఏ కోపమూ లేదు. చెవులు, తల వెచ్చగా ఉంచుకోవడం మంచిదే, మనవలు నవ్వినా సరే.

"ఎనిమిదికి నేను ఆఫీసు దారిలో ఉంటాను సార్" అంటారు. తెలుసు. వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిమిషాలన్నీ తెల్లవారుజామునే పూర్తి చేయాలని ఎక్కడా చెప్పలేదు. పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆఫీసు ఆవరణలో పావుగంట తిరగడం మండే మేలో సాధ్యం కాదు, డిసెంబర్‌లో హాయిగా చేయొచ్చు.

ఆ మధ్యాహ్నపు ఎండకు ఇంకో ఉపయోగం ఉంది. ఒంటికి విటమిన్ డి తయారు చేసుకోవడానికి కావలసిన కిరణాలు సూర్యుడు నెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే బాగా అందుతాయి. తెల్లవారి లేత ఎండలో డి విటమిన్ వస్తుందన్నది చాలామంది అనుకునే మాట, అందులో దక్కేది చాలా తక్కువ. ఎండలో నిలబడి మీ నీడ చూడండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే సరైన వేళ. డిసెంబర్‌లో మన దగ్గర అది సుమారు పదకొండు నుంచి ఒకటిన్నర మధ్య. వేసవిలో ఆ వేళ బయట నిలబడమని ఏ డాక్టరూ చెప్పడు, ఇప్పుడు నిలబడొచ్చు. చేతులు, ముఖం ఎండకు తగలాలి. గాజు కిటికీ వెనక కూర్చుంటే వెచ్చదనం వస్తుంది గానీ ఆ కిరణాలు గాజు దాటి రావు.

నడకలో సరదా ఏదీ?

ఇంతవరకూ నడక గురించే చెప్పాను. ఎందుకంటే మధ్యతరగతి ఇంట్లో వ్యాయామం అంటే నడకే, అదీ ఇంటి పెద్దకు షుగర్ బయటపడ్డాక డాక్టరు రాసిన నడక. మాత్రలాగే అదీ ఒక మందు. చేదుగానే మింగుతారు, సందు దొరికితే మానేస్తారు. ఇరవై ఏళ్లుగా రోగులను చూస్తూ నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, సరదా లేని వ్యాయామం ఏ ఇంట్లోనూ మూడు నెలలకు మించి నిలవదు. సరదా ఉంటే ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. షటిల్ ఆడే నలుగురిలో ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ ఇంటికొచ్చి లాక్కుపోతారు. వాకింగ్ ట్రాక్ మీద ఒంటరిగా తిరిగే మనిషి ఈ రోజు రాలేదని ఎవరికి తెలుస్తుంది?

మన ఆటలు చిన్నవేమీ కావు. ఏడు పెంకులాటలో పెంకులు పడగొట్టి, బంతి తగలకుండా పరుగెత్తి, మళ్లీ పేర్చడంలో ఎంత ఆయాసం వస్తుందో ఆడినవాళ్లకు తెలుసు. కబడ్డీ, ఖోఖో గుండెకూ ఊపిరితిత్తులకూ మంచి పని పెడతాయి. తొక్కుడు బిళ్లలో ఒంటి కాలి మీద గెంతడం వల్ల ఎముకల మీద బరువు పడుతుంది, తూకం నిలబడుతుంది. ఎదిగే ఆడపిల్లల ఎముకలకు అది మంచిది. రింగ్ ఆట అయితే ఇంట్లో ఎనిమిదేళ్ల మనవడు, అరవై ఏళ్ల తాతయ్య కలిసి ఆడొచ్చు. బిళ్లంగోడు, తెలంగాణలో చిర్రగోనె అంటారు, నాకు ఇష్టమైన ఆటే. కానీ ఎగిరిన బిళ్ల కంటికి తగిలితే పెద్ద ప్రమాదం. ఆ ఆట ఆడేటప్పుడు చూసే చిన్నపిల్లలను దూరంగా నిలబెట్టండి.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఐదు నుంచి పదిహేడేళ్ల లోపు వాళ్లకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదిలే శ్రమ కావాలి. దానితోపాటు బయటి వెలుతురు కూడా కావాలి. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంవి మసకగా కనిపించే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడిపేలా ఒక కార్యక్రమమే నడుపుతున్నారు. మన దగ్గర సరిగ్గా ఈ నెలల్లోనే పదో తరగతికి పొద్దునా సాయంత్రమూ స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. పిల్లలు వెలుతురు రాకముందే బడికి వెళ్లి, వెలుతురు పోయాక ఇంటికొస్తారు. ఇంటర్ హాస్టళ్లలో కొన్నిటికి అసలు మైదానమే లేదు. అపార్టుమెంటులో తరగతి, పక్క అపార్టుమెంటులో మంచం. పదహారేళ్ల కుర్రాడు బీపీతో, నలభై ఏళ్లవాడి నడుముతో మా ఓపీకి వస్తుంటే మందు ఎవరికి రాయాలో నాకు అర్థం కాదు. కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకుల బోర్డు చూస్తాం, ఏసీ ఉందా అని అడుగుతాం. పిల్లాడు సాయంత్రం ఎక్కడ ఆడతాడని కూడా అడగండి.

ముగ్గు వేశాక అమ్మ ఎక్కడికి వెళ్తుంది?

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఈ పదిహేను శాతం తేడాకు ఒంటి తత్వంలో కారణం ఏమీ లేదు. పార్కుకు పోయే సమయంలో ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో చూస్తే కారణం తెలుస్తుంది.

ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసేది ఇంటి ఆడవాళ్లే. అరగంటసేపు వంగి, లేచి, గొంతుకు కూర్చుని వేసే ముగ్గు నడుముకూ తొడలకూ మంచి వ్యాయామమే, మోకాళ్లు అరిగినవాళ్లు మాత్రం చిన్న పీట మీద కూర్చుని వేసుకోవాలి. ఆ ముగ్గు అయ్యాక ఆవిడ లోపలికి వెళ్తే మళ్లీ బయటి వెలుతురు చూసేది పాల ప్యాకెట్ల కోసమో, కూరగాయల కోసమో. "ఇంటి పనంతా నేనే చేస్తాను కదా సార్, అది వ్యాయామం కాదా" అని అడుగుతారు. అలుపు వస్తుంది, కాదనను. కానీ వంటింట్లో నిలబడి చేసే పనిలో గుండె వేగం పెద్దగా పెరగదు, ఎండ తగలదు, మనసుకు తెరిపి దొరకదు. నలభై దాటిన ఆడవాళ్లలో ఎముకల నొప్పులు, థైరాయిడ్‌తో వచ్చే బరువు, దిగులు, నిద్ర పట్టకపోవడం రోజూ చూస్తున్నాను. వాళ్లకు నేను రాసే చీటీలో మందుతోపాటు ఒక వాక్యం ఉంటుంది. వారానికి ఐదు రోజులు, ఎవరికీ ఏ పనీ చేసిపెట్టని ముప్పావు గంట బయట గడపాలి అని. భర్త పక్కనే ఉంటే చదివి వినిపించమంటాను. చాలామంది నవ్వుతారు. కొందరు మగవాళ్లు మర్నాటి నుంచి టిఫిన్ తామే చేస్తామని చెప్పి వెళ్లారు, చేస్తున్నారో లేదో వాళ్లావిడలే చెప్పాలి.

ఇక్కడ మునిసిపాలిటీలకూ ఒక మాట. చాలా పార్కుల గేట్లు పొద్దున తొమ్మిదికో పదికో మూసేసి మళ్లీ సాయంత్రం నాలుగుకు తెరుస్తారు. ఎండాకాలానికి సరిపోయే వేళలవి. చలికాలంలో ఆ మూసి ఉంచిన గంటల్లోనే ఎండ బాగుంటుంది, గాలి శుభ్రపడుతుంది, పిల్లలను బడికి పంపిన తల్లులకు తీరిక దొరుకుతుంది, రిటైరైన పెద్దలకు నడవాలనిపిస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు పార్కులను పొద్దంతా తెరిచి ఉంచితే అదనంగా అయ్యే ఖర్చు ఒక వాచ్‌మన్ జీతం. కాలనీ సంఘాలు వినతిపత్రాలు ఇచ్చే విషయాల్లో దీన్నీ చేర్చమని నా మనవి.

వనం లేని వనభోజనాలు

మన పండుగలు చేసిన పెద్దలు ఈ కాలాన్ని బాగానే వాడుకున్నారు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం పెట్టారంటే ఆ రోజు అందరూ ఊరు దాటి తోటకు నడవాల్సిందే. ఇప్పుడు కార్తీక వనభోజనాలు చాలాచోట్ల ఫంక్షన్ హాల్‌లో, ఉసిరి కొమ్మ ఒకటి కుండీలో పెట్టి, మైకు ముందు ఉపన్యాసాలతో, బఫేతో అయిపోతున్నాయి. ఈసారి మీ బంధువులు పిలిస్తే వంటలు కాస్త తగ్గించి, రెండు షటిల్ బ్యాట్లు, ఒక తాడు, ఒక బంతి తెమ్మనండి. తాడు లాగే పోటీ పెడితే అత్తలు, కోడళ్లు ఒక జట్టుగా ఎంత బలంగా లాగుతారో చూడొచ్చు.

లంబసింగి సంగతీ అంతే. చింతపల్లి దగ్గరి ఆ ఊరికి చలి చూడటానికి వందల కార్లు వెళ్తాయి. రాత్రంతా ప్రయాణం, తెల్లవారుజామున మంటల చుట్టూ నిలబడి నాలుగు ఫొటోలు, వేడి నూడుల్స్, మళ్లీ కారు. నిద్ర చెడింది, నడక లేదు. అంత దూరం వెళ్లినవాళ్లు ఒక రాత్రి ఉండి, పొద్దెక్కాక ఆ కాఫీ తోటల దారుల్లో గంటన్నర నడిస్తే ప్రయాణానికి అర్థం ఉంటుంది. దగ్గర్లోనే కావాలంటే హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి కొండలు, భువనగిరి కోట, గుంటూరు వైపు కొండవీడు, విశాఖ వాళ్లకు కైలాసగిరి ఉన్నాయి. తిరుమలకు అలిపిరి మెట్లు 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388. మొక్కు ఉంటే ఈ నెలల్లో తీర్చుకోవడం ఒంటికి తేలిక. కానీ ఏడాదంతా లిఫ్టు ఎక్కిన మనిషి ఒక్కరోజులో అన్ని మెట్లు ఎక్కబోవడం సరికాదు. నెల ముందు నుంచి అపార్టుమెంటు మెట్లు ఎక్కుతూ అలవాటు చేసుకోండి.

జనవరి 1న తీర్మానం చేసుకుని 2న షటిల్ కోర్టులో దిగే నడివయసు మగవాళ్లకూ ఇదే మాట. పదేళ్లు ఆడని మనిషి మొదటి రోజే కుర్రాళ్లతో సింగిల్స్ ఆడితే మడమ వెనక నరం తెగొచ్చు, ఇంకా పెద్దదే జరగొచ్చు. నలభై దాటి, పొగతాగే అలవాటో, షుగరో, బీపీయో, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లో ఉంటే ముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి. రెండు మూడు వారాలు నడిచి, ఆ తర్వాత డబుల్స్ ఆడండి. ఆడుతుండగా ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేయి లేదా దవడ లాగడం, చలిలోనూ చెమట పట్టడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే ఆట వెంటనే ఆపండి. గ్యాస్ అని సోడా తాగి ఇంట్లో పడుకోవద్దు. బండి మీరే నడుపుకుంటూ రావద్దు. 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

భోగి మంటల దగ్గర మా వార్డుకు ఏటా వచ్చే కేసు ఒకటుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన పెద్దమనిషి మంట ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. కాలుతున్నా తెలియదు. సాయంత్రానికి బొబ్బలు, వారానికి పుండు, ఒక్కోసారి వేలు తీసేయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు మంటకు దూరంగా, చెప్పులు వేసుకుని నిలబడండి. మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. ఆ పొగ మొదట మీ ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లాడి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. చలిలో ఆడితే పిల్లికూతలు వచ్చే పిల్లలను ఆట మాన్పించాల్సిన పని లేదు. డాక్టరు చెప్పి ఉంటే ఆటకు పదిహేను నిమిషాల ముందు ఇన్‌హేలర్ పీల్చుకుని, నెమ్మదిగా మొదలుపెట్టి, ముక్కుతో గాలి తీసుకుంటూ ఆడొచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు జేబులో పంచదార పొట్లమో గ్లూకోజ్ బిస్కెట్లో పెట్టుకోవాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి.

గాలిపటం ఎగరేయడం నాకు ఇప్పటికీ సరదా. మెడ ఎత్తి, భుజాలు తిప్పి, వెనక్కీ ముందుకీ అడుగులు వేస్తూ గంటలు గడిచిపోతాయి, ఫోను గుర్తురాదు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సంక్రాంతికి జరిగే పతంగుల పండుగకు పిల్లలతో వెళ్తే వాళ్లు ఏడాదంతా చెప్పుకుంటారు. చైనా మాంజాను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఆ నైలాన్ దారాన్ని 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించింది, అయినా సంక్రాంతి ముందు దుకాణాల వెనక దొరుకుతూనే ఉంది. బైకు మీద వెళ్లేవాళ్ల మెడకు తగిలితే బ్లేడులా కోస్తుంది. ఆ వారం రోజులూ బైకు మీద మెడకు గుడ్డ చుట్టుకుని, వేగం తగ్గించి వెళ్లండి. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి రావాలి, మధ్యలో తీసి చూడకూడదు. పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం ఎగరేయనివ్వకండి. ఆకాశం చూస్తూ వెనక్కి అడుగులు వేసే పిల్లాడికి అంచు కనిపించదు.

డాబా వద్దంటే మరి ఎక్కడ అని అడుగుతారు. ప్రతి వీధికీ పార్కు లేదు గానీ చాలా ఊళ్లలో నడిచి వెళ్లేంత దూరంలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉంటుంది, దానికి మైదానం ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో, ఆదివారాల్లో ఆ గేటుకు తాళం ఉంటుంది. మీ వీధిలో నాలుగు కుటుంబాలు కలిసి హెడ్మాస్టరు గారిని అడగండి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆడుకుంటామని, చెత్త వేయమని, పోతూ పోతూ తాళం వేసి ఇస్తామని ఒక కాగితం రాసివ్వండి. నాకు తెలిసి ఒకటి రెండు చోట్ల అడిగినవాళ్లకు కాదనలేదు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది, అంతకుముందు ఎవరూ అడగలేదట.